రైల్స్ ట్యూబ్ ఉన్న రోగికి గొంతు గొట్టంలోని కఫం తీయడం ఎలా?

ముక్కులో రైల్స్ ట్యూబ్ (కడుపులోకి ఆహారం పంపే గొట్టం), మెడ దగ్గర ట్రకియాస్టమీ గొట్టం (ఊపిరి కోసం శ్వాసనాళంలో పెట్టే గొంతు గొట్టం) ఉన్న రోగిని ఇంట్లో చూసుకునేవారికి సక్షన్, అంటే మెషిన్‌తో కఫం లాగడం, తప్పని పని. డిశ్చార్జికి ముందు నర్సు ఎదుట స్వయంగా చేసి చూపించినవారే దీనికి పూనుకోవాలి. ఈ వ్యాసం నేర్చుకున్నది మరిచిపోకుండా ఉండటానికే.

సామగ్రి గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. సక్షన్ మెషిన్, శుభ్రమైన గ్లవ్స్, కడగడానికి స్టెరైల్ నీళ్లు, పల్స్ ఆక్సిమీటర్ ఉండాలి. పెద్దవారికి మెషిన్ పీడనం 80 నుంచి 120 మిల్లీమీటర్ల (mmHg) మధ్య ఉంచాలి. కఫం లాగే సన్నని గొట్టం, అంటే క్యాథెటర్, మందం గొంతు గొట్టం లోపలి వ్యాసంలో సగానికి మించకూడదు. బొటనవేలితో మూస్తేనే సక్షన్ మొదలయ్యే రంధ్రం ఉన్న క్యాథెటర్‌నే కొనండి. రంధ్రం లేకపోయినా గొట్టాన్ని మడిచి పట్టుకుని సక్షన్ ఆపితే చాలదా అని అడుగుతారు, చాలదు. కుడిచేయి క్యాథెటర్‌కు, ఎడమచేయి మిగతా అన్నిటికీ, ఇది మారకూడదు.

సక్షన్‌ను గడియారం చూసి చేయకూడదు. గురగుర వినిపించినప్పుడు, దగ్గినా కఫం పైకి రానప్పుడు, ఆక్సిజన్ తగ్గుతున్నప్పుడు చేయాలి. అవసరమైతే ఫీడుకు ముందే ముగించాలి. రైల్స్ ట్యూబ్ ఉన్నంతకాలం అన్నవాహిక చివరి ద్వారం పూర్తిగా మూసుకోదు కాబట్టి, రాగిజావ పట్టిన వెంటనే క్యాథెటర్ దించితే దగ్గు తెరతో కడుపులోది పైకి తన్నుకొచ్చి పొలమారుతుంది. గొంతు గొట్టానికి కఫ్ (గొట్టం చుట్టూ గాలి నింపే బుడగ) ఉన్నంత మాత్రాన ఊపిరితిత్తులకు పూర్తి రక్షణ ఉందనుకోవద్దు. ఫీడు తర్వాత గంట ఆగాలి. అయితే ఊపిరి ఆడక అవస్థ పడుతుంటే గంట లెక్క చూడకుండా, ఫీడు ఆపి, ట్యూబు మూతపెట్టి, వెంటనే సక్షన్ చేయాలి. మంచం తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి; మెడ కింద దిండ్లు పేర్చితే మెడ వంగుతుందే గానీ ఛాతీ లేవదు.

అసలు జాగ్రత్తంతా క్యాథెటర్ దించడంలో ఉంది. దించేటప్పుడు బొటనవేలు రంధ్రం మీద ఉండకూడదు. సక్షన్ నడుస్తుండగా దించితే కఫం కంటే ముందు ఊపిరితిత్తుల్లోని గాలి పోతుంది, శ్వాసనాళపు పొర అంటుకుని చిట్లుతుంది. లోపల తగిలేదాకా తోయడం చాలా ఇళ్లలో చూస్తుంటాను. కఫంలో ఎర్రటి చారలు రావడానికి తరచుగా కారణం అదే. గొంతు గొట్టం పొడవును ముందే తెలుసుకుని, దానికి సెంటీమీటరు మించకుండా క్యాథెటర్‌పై గుర్తు పెట్టుకుని, ఆ గుర్తు దగ్గర ఆగాలి.

తర్వాత రంధ్రం మూసి, క్యాథెటర్‌ను వేళ్ల మధ్య మెల్లగా తిప్పుతూ బయటికి లాగాలి. దించినప్పటి నుంచి తీసేదాకా 10 సెకన్లు, మహా అయితే 15. మీరూ ఊపిరి బిగబట్టండి. మీకు ఇబ్బంది అనిపించేసరికి రోగికి అంతకంటే ఎక్కువగా ఉంటుంది. ఆక్సిజన్ 90 కంటే తగ్గినా, నాడి ఒక్కసారిగా మందగించినా అక్కడే ఆపాలి. ప్రతిసారికీ మధ్య కనీసం అర నిమిషం విశ్రాంతి ఇవ్వాలి, ఒక విడతలో మూడుసార్లకు మించకూడదు. కఫం చిక్కగా ఉందని గొట్టంలో సెలైన్ పోయడం కొందరికి అలవాటు, నేనైతే ఒప్పుకోను. కఫాన్ని పలుచన చేయాల్సింది డాక్టరు చెప్పిన నెబ్యులైజరు, గాలికి తేమ. నోటిని చివరగా శుభ్రం చేయాలి. నోట్లో పెట్టిన క్యాథెటర్ మళ్లీ మెడ గొట్టంలోకి వెళ్లకూడదు.

దగ్గుకు రైల్స్ ట్యూబ్ జరిగిపోవచ్చు. ముక్కు దగ్గరి గుర్తు స్థానంలో ఉందో లేదో, నోట్లో ట్యూబు చుట్టుకుందేమో చూడకుండా తదుపరి ఫీడు ఇవ్వకూడదు. గాలి కొట్టి కడుపు మీద చప్పుడు వినడం నమ్మదగిన పరీక్ష కాదు. గుర్తు జరిగితే మీరే లోపలికి తోయకుండా నర్సును పిలవాలి.

సక్షన్ సీసాలోకి పాలరంగు లేదా జావరంగు ద్రవం వస్తే ఫీడు ఆపి అప్పుడే డాక్టరుకు చెప్పాలి. క్యాథెటర్ అసలు దిగకపోతే బలవంతం చేయకుండా గొంతు గొట్టంలో విడిగా ఊడివచ్చే లోపలి గొట్టం ఉంటే దాన్ని తీసి చూడాలి. పెదవులు నీలమైతే 108కి ఫోన్ చేయాలి.