కొత్తగా అమెరికా వచ్చిన తమ్ముళ్లకి, చెల్లెళ్లకి: ముందు ‘వాటర్’ సంగతి

మొన్న డాలస్‌లో బర్గర్లు అమ్మే చోట నా ముందు వరసలో మన కుర్రాడొకడు ‘వాటర్’ అని మూడుసార్లు అడిగాడు. కౌంటర్లో అమ్మాయికి అర్థం కాలేదు. నాలుగోసారి అడగలేక కోక్ బొమ్మ చూపించి డబ్బు కట్టేశాడు. నా ప్రాణం ఉసూరుమంది. వచ్చిన కొత్తలో మూడు నెలలు నేనూ అన్నీ వేలితో చూపించే కొనుక్కున్నాను. ఆ భయంతోనే క్లాసులో డౌట్లు అడగడం కూడా మానేశాను.

సోషల్ సెక్యూరిటీ నంబరు, బ్యాంకు, సిమ్ కార్డు సీనియర్లు చూసుకుంటారు. ఇంగ్లీషు మాటలు ఇక్కడివాళ్లకి అర్థమయ్యేలా ఎలా పలకాలో ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తాను.

మన ‘వ’కి కింది పెదవి పైపళ్ల దగ్గరికి పోతుంది. వాళ్ల డబ్ల్యూకి పళ్లతో పనే లేదు. ‘ఊ’ అన్నట్టు పెదవులు గుండ్రంగా చుట్టి, అక్కణ్ణుంచి ‘ఆ’లోకి వదలండి: ‘ఉఆ’. అద్దం ముందు చెయ్యండి. పెదవి పళ్ల వైపు వెళ్తే మళ్లీ మొదలు. వంద సార్లయినా సరే, సిగ్గెందుకు?

ఇక ‘ట’. మనం నాలుక వెనక్కి మడుస్తాం. అమెరికన్లు ఇక్కడ అసలు ‘ట’ పలకరు. ‘మరి’ అన్నప్పుడు మన నాలుక కొన ఒక్కసారి తాకి పోతుందే, అదే. ‘ఉఆరర్’. చివరి ‘ర్’కి మాత్రం నాలుక ఎక్కడా తాకకూడదు. బెటర్, సిటీ, కంప్యూటర్‌లలో ‘ట’ కూడా ఇంతే. లండన్ వెళ్లేవాళ్లు ఇది పట్టుకుపోకండి, అక్కడ ‘ఉఓట’కి దగ్గరగా ఉంటుంది.

డబ్ల్యూ పట్టుబడ్డాక కొందరు ‘వీసా’కి కూడా పెదవులు చుడతారు. వద్దు! వీకి పళ్లు పెదవి మీద ఆనాలి, గాలి ఒరుసుకుంటూ రావాలి. మన చెవికి డబ్ల్యూ ‘వెస్ట్’, వీ ‘వెస్ట్’ ఒకటే. వాళ్లకి మొదటిది పడమర, రెండోది చొక్కా మీద తొడుక్కునేది. ఫోన్లో పేరు చెప్పేటప్పుడు ‘వీ యాజ్ ఇన్ విక్టర్’ అనండి. నేను అనలేదు, బీ అని రాసుకున్నారు. మందుల షాపులో ఒక పేరు, ఇన్సూరెన్సులో ఒక పేరు. రెండు వారాలు తిరిగాను.

సరే, ఇదీ చెప్పాలి కదా. నాకు కుదరడానికి ఏడాది పట్టింది. అలసిపోయిన రోజు ఇప్పటికీ పాత ‘వా’నే వస్తుంది, అయినా నీళ్లు ఇస్తూనే ఉన్నారు. ఒంటి మాటగా అడక్కండి. ‘కెన్ ఐ గెట్ ఎ కప్ ఆఫ్ వాటర్’ అని నిండుగా అడిగితే, మీ ‘వా’ ఎలా ఉన్నా ‘కప్’ దగ్గరే వాళ్లకి సగం అర్థమైపోతుంది. అలాంటి చోట్ల చాలావరకు కప్పు నీళ్లు ఊరికే ఇస్తారు. ఆ కుర్రాడు వెళ్లిపోయాడు, లేకపోతే ఈ మాట అక్కడే చెప్పేవాణ్ణి.