మయోసైటిస్ పేపర్లు చదవడం, 6వ పాఠం: ఆ 83 శాతం సంగతి

మయోసైటిస్ అంటే కండరాలు వాచి బలం తగ్గే జబ్బు. దానికి మందు పనిచేసిందా అని అడుగుతూ పోయిన పాఠంలో ఇచ్చిన రిటుక్సిమాబ్ (రోగనిరోధక వ్యవస్థని అణిచే మందు) ట్రయల్‌కి మీ జవాబులు చూశాను. సగం మంది "మందు పనిచేయలేదు" అని తేల్చేశారు. మిగతా సగం "83 శాతం మందికి పనిచేసింది" అన్నారు. రెండూ తప్పే. యాంటీబాడీల పాఠం వచ్చేసారికి వాయిదా. ముందు ఈ చిక్కు విప్పుకుందాం.

చెస్టర్ ఆడిస్ బృందం 2013లో ప్రచురించిన పేపరది. 200 మంది రోగులు: పాలీమయోసైటిస్ (కండరాలకి వచ్చే రకం), డెర్మటోమయోసైటిస్ (చర్మానికీ పాకే రకం) ఉన్న పెద్దవాళ్లు, కొందరు పిల్లలు. మామూలు మందులకి లొంగని జబ్బు. ఒక గుంపుకి 0, 1 వారాల్లో మందిచ్చారు. రెండో గుంపుకి అప్పుడు ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి డోసు) ఇచ్చి, అసలు మందు 8, 9 వారాల్లో ఇచ్చారు. అంటే చివరికి మందు అందరికీ అందింది. ఈ ఒక్క ముక్క దగ్గరే మీరందరూ జారిపడ్డారు.

ఇక్కడ అడిగిన ప్రశ్న "మందు పనిచేస్తుందా" అని కాదు, "ముందు ఇస్తే ముందే మెరుగవుతారా" అని. మెరుగవడానికి పట్టిన మధ్యస్థ కాలం (సగం మంది మెరుగయ్యేసరికి గడిచిన కాలం) ఒకవైపు 20.0 వారాలు, రెండోవైపు 20.2. తేడా లేదు. ఎనిమిది వారాల ఎడంలోనే మందు తన పనితనం చూపిస్తుందని పందెం కాశారు, ఆ పందెం ఓడింది. పందెం ఓడితే మందు ఓడినట్టు కాదు.

సరే, మరి 44 వారాల్లో 83 శాతం మంది మెరుగయ్యారు కదా? అయ్యారు. మందే అందని గుంపు పక్కన ఉంటేగా, దేని వల్ల అయ్యారో చెప్పడానికి! కాకి వాలింది, తాటిపండు పడింది. కాకి వాలకపోయినా పడేదా? కాకి వాలని ఆ చెట్టు ఈ ట్రయల్‌లో లేదు.

నమ్మకం కుదరకపోతే 2022లో వచ్చిన ప్రొడర్మ్ అనే ట్రయల్ చూడండి. డెర్మటోమయోసైటిస్ ఉన్న 95 మందికి సిరలోకి ఇమ్యునోగ్లోబులిన్ (దాతల రక్తంలోంచి తీసిన యాంటీబాడీల మందు) లేదా ప్లాసిబో ఎక్కించారు. 16 వారాలకి మందు గుంపులో 79 శాతం మెరుగయ్యారు. ప్లాసిబోలో? 44 శాతం! 48 మందిలో 21 మంది. ఆ గుంపే లేకపోతే 79ని చూసి మనమంతా చప్పట్లు కొట్టేవాళ్లం. అలాగని 83లోంచి 44 తీసేసి 39 అనకండి. కొలతా వేరు, కాలమూ వేరు, రోగులూ వేరు. ఈ తీసివేత చేసేవాళ్లు మీలో కనీసం ఇద్దరుంటారని తెలుసు, అందుకే ముందే చెబుతున్నా.

నా పద్ధతొకటి చెప్తాను. నేను జబ్బు పేరుతో వెతకను, ఒక పరిశోధకుడి పేరు పట్టుకుని ఏళ్ల వరసన చదువుతాను. రోహిత్ అగర్వాల్‌ని తీసుకోండి. 2013 పేపర్లో ఆడిస్ పక్కన ఆయన పేరూ ఉంది. 2014లో అదే ట్రయల్ రోగుల సమాచారాన్ని మళ్లీ తవ్వి, రక్తంలో యాంటీ జో-1, యాంటీ ఎంఐ-2 అనే యాంటీబాడీలు (సొంత ఒంటి మీదికే తిరగబడే రకం) ఉన్నవాళ్లు బాగా మెరుగయ్యారని చూపించారు. ఆ తర్వాత కొత్త కొలబద్ద: రోగి ఎంత మెరుగయ్యాడో కొలిచే, 2016 నాటి అమెరికా, యూరప్ ఉమ్మడి ప్రమాణాలు, మొత్తం 100 పాయింట్లు. ప్రొడర్మ్‌లో ఫలితాన్ని కొలిచింది దాంతోనే. ఒక ట్రయల్ తేల్చలేకపోతే ఆయన మందు మార్చేసి ఊరుకోలేదు, తక్కెడ దగ్గర కూర్చున్నారు.

ఆ తక్కెడలో కండర బలానికి గరిష్ఠంగా 32.5 పాయింట్లు, రక్తంలోని కండర ఎంజైములకి 7.5 మాత్రమే. రోగి చెయ్యి పక్కకి భుజం ఎత్తున చాపుతాడు, పరీక్షించేవారు పైనుంచి నొక్కుతారు, నిలిచిందా వంగిందా చూసి మార్కు వేస్తారు. సీకే (ఆ కండర ఎంజైముల్లో ఒకటి) ఎంతుందనేదే పట్టుకుని వేలాడేవాళ్లు ఈ రెండు అంకెలూ గోడకి రాసుకోండి.

అభ్యాసం. మొదటిది తేలిక: ప్రొడర్మ్‌లో ప్లాసిబో కంటే అదనంగా ఒక్కరు మెరుగవ్వాలంటే ఎంతమందికి మందివ్వాలి? రెండోదానికి ఆదివారమంతా పడుతుంది: 83కి అర్థం వచ్చేలా రిటుక్సిమాబ్ ట్రయల్‌ని ఒక పేజీలో తిరగరాయండి. షరతు ఒకటే, నీరసించిన మనిషిని 44 వారాలు మందు లేకుండా ఉంచకూడదు. ప్రొడర్మ్‌వాళ్లు 16 వారాల తర్వాత ప్లాసిబో గుంపుకీ మందిచ్చారు. ఆ 16నే దించేసి పంపితే మార్కుల్లేవు. ప్లాసిబో గుంపుకి మందు మీరు ఎన్నో వారంలో ఇస్తారో, అదే ఎందుకో రాయండి.