ఎథిక్స్ కమిటీ అనుమతి ఎప్పుడు తప్పనిసరి?

మనుషులపై పరిశోధన అనగానే చాలామందికి కొత్త మందుల ప్రయోగాలే గుర్తుకొస్తాయి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో వెలువరించిన మార్గదర్శకాల పరిధి అంతకంటే చాలా పెద్దది. ఇంటింటికీ తిరిగి నింపే ప్రశ్నావళి, రికార్డు రూములోని పాత కేసు షీట్లు, పరీక్ష పూర్తయ్యాక ల్యాబులో మిగిలిన రక్తం కూడా పరిశోధనకు వాడితే దాని కిందికే వస్తాయి. అలాంటి పని మొదలుపెట్టే ముందు, పాల్గొనేవారి హక్కులు, భద్రత కాపాడేందుకు ఏర్పాటైన ఎథిక్స్ కమిటీకి చూపించాలి.

అధ్యయనానికి పెట్టుకున్న పేరును బట్టి అనుమతి అక్కర్లేదని తేల్చుకోవడం ప్రమాదకరం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో 2009లో గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాలు వేసిన కార్యక్రమాన్ని ‘ప్రదర్శన ప్రాజెక్టు’ (డిమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు) అన్నారు. ఆశ్రమ పాఠశాలల్లో చాలా సమ్మతి పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేసినట్లు తర్వాత బయటపడింది. 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని నిలిపివేయగా, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. బడిలో అధ్యయనం చేసేవారికి హెడ్మాస్టరు అనుమతి లోపలికి వెళ్లడానికి మాత్రమే పనికొస్తుంది. తల్లిదండ్రుల సమ్మతి, ఏడేళ్లు దాటిన పిల్లల అంగీకారం విడిగా తీసుకోవలసిందే.

కమిటీ పరిశీలన మూడు స్థాయుల్లో ఉంటుంది. ఎవరి వివరాలూ బయటపడని, ముప్పు దాదాపు లేని పనికి, ఉదాహరణకు ఇప్పటికే ప్రచురితమైన అధ్యయనాల సమీక్షకు, మినహాయింపు దొరుకుతుంది. ముప్పు స్వల్పంగా ఉంటే త్వరిత పరిశీలనకు వీలుంది. అంతకు మించిన ముప్పు ఉన్నప్పుడు, లేదా పాల్గొనేవారికి కొంత సమాచారం దాచిపెట్టవలసి వచ్చినప్పుడు, పూర్తి కమిటీ సమావేశమై చర్చించాలి. రక్తపోటు గురించి అడిగే సర్వే త్వరిత పరిశీలనతో గట్టెక్కవచ్చు గానీ, అదే ఫారంలో గృహహింసపై ఒక ప్రశ్న చేరిస్తే ముప్పు పెరిగి లెక్క మారిపోతుంది. మనిషి ఎవరో బయటపెట్టే ఫోన్ నంబరు, ఇంటి నంబరు గడులు అలవాటుగా పెట్టేస్తుంటారు. మళ్లీ కలవవలసిన అవసరం లేకపోతే వాటిని తీసేయడం మేలు. తన అధ్యయనానికి మినహాయింపు వర్తిస్తుందని పరిశోధకుడు తనకు తానే నిర్ణయించుకోకూడదు. దరఖాస్తు పెట్టి, కమిటీ నుంచి లిఖితపూర్వకంగా తెచ్చుకోవాలి.

ఆసుపత్రి తన సేవల నాణ్యతను సరిచూసుకోవడానికి చేసే ఆడిట్‌కు సాధారణంగా పరిశీలన అవసరం ఉండదు. అయితే దాన్నే వ్యాసంగానో థీసిస్‌గానో మలచాలన్న ఆలోచన ఉంటే, పని మొదలుపెట్టకముందే కమిటీకి చూపించాలి.

2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ప్రయోగాల నియమాల ప్రకారం, మందుల ప్రయోగాలను ఆమోదించే కమిటీ కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ వద్ద, ఇతర వైద్య, ఆరోగ్య పరిశోధనలను పరిశీలించే కమిటీ ఆరోగ్య పరిశోధన విభాగం వద్ద నమోదై ఉండాలి. క్లినికల్ ప్రయోగమైతే తొలి వ్యక్తిని చేర్చుకోకముందే దేశంలోని క్లినికల్ ప్రయోగాల రిజిస్ట్రీ అయిన సీటీఆర్ఐలో నమోదు కూడా పూర్తికావాలి. సొంత కమిటీ లేని కళాశాలలవారు నమోదైన మరో సంస్థ కమిటీని ఆశ్రయించవచ్చు.

సమాచార సేకరణ ముగిశాక వెనకటి తేదీతో అనుమతి అడగడంలో అర్థం లేదు. అనుమతి వచ్చాక ప్రశ్నావళిలోనో సమ్మతి పత్రంలోనో మార్పు చేయదలిస్తే, సవరించిన ప్రతిని కమిటీకి పంపి, ఆమోదం అందేవరకు పాత ప్రతినే వాడాలి.