ఆర్ట్ ఆఫ్ వార్ చదవాలనుకుంటే రెండో అధ్యాయం నుంచి మొదలుపెట్టండి

ప్రాచీన చైనా యుద్ధతంత్ర గ్రంథం, సన్ జూ ఆర్ట్ ఆఫ్ వార్, ఉత్సాహంగా తెచ్చుకుని పదిహేను పేజీలకే పక్కన పడేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. పుస్తకం చిన్నదే, 13 అధ్యాయాలు, చైనీస్ మూలంలో దాదాపు 6,000 అక్షరాలు, కూర్చుంటే ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. అయిపోతుంది గానీ బుర్రలో ఏమీ మిగలదు, వాట్సాప్ స్టేటస్‌కి పనికొచ్చే నాలుగు డైలాగులు తప్ప.

తర్వాత నాకు పట్టుబడిన పద్ధతి ఏంటంటే, దీన్ని వీరగాథలా కాకుండా ఖర్చుల పద్దులా చదవడం. అందుకే ముందు రెండో అధ్యాయం తెరవండి. అందులో కత్తుల కన్నా బిల్లే ఎక్కువ కనిపిస్తుంది: వెయ్యి రథాలు, వెయ్యి సామాన్ల బండ్లు, లక్షమంది సైనికులు, దూరాలకి తిండి గింజలు, వచ్చేపోయే అతిథుల ఖర్చు, ఆఖరికి జిగురు, లక్క కూడా లెక్కలో వేశాడు మహానుభావుడు. యుద్ధం సాగదీసి బాగుపడ్డ రాజ్యం లేదంటాడు. పోరు నష్టం పొందు లాభం అని మనవాళ్ళు ఒక్క ముక్కలో తేల్చేసినదాన్ని ఈయన పద్దు రాసి చూపిస్తాడన్నమాట.

అది అయ్యాక మూడోది. కోట ముట్టడి గురించి అక్కడ ఉన్నది నిదానంగా చదవండి, సామాగ్రి తయారీకి మూడు నెలలు, మట్టిదిబ్బలు పోయడానికి ఇంకో మూడు నెలలు, ఈలోపు ఓపిక నశించిన సేనాపతి సైనికుల్ని చీమల్లా గోడ ఎక్కిస్తే మూడోవంతు చచ్చిపోతారు, కోట మాత్రం అక్కడే ఉంటుంది. ఎదుటివాడు తగ్గించాడని మనమూ రేటు తగ్గించి, వాడు ఇంకా తగ్గిస్తే మనమూ ఇంకా తగ్గించి, ఏడాది తిరిగేసరికి ఇద్దరికీ చేతిలో ఏమీ మిగలని వ్యాపారాలున్నాయే, అవన్నీ ఈ కోట ముట్టడే.

అక్కణ్ణుంచి నేరుగా 13కి దూకేయండి. అది గూఢచారుల అధ్యాయం, సినిమా చూసినట్టు ఉంటుందనుకుంటాం కానీ అదీ లెక్కే: లక్షమంది సైన్యం కదిలితే ఏడు లక్షల ఇళ్ళ పని ఆగిపోతుంది, అలాంటప్పుడు సమాచారం కోసం కాస్త బంగారం ఖర్చుపెట్టడానికి పిసినారితనం చూపించేవాడికి మానవత్వమే లేదంటాడు. ఇవన్నీ అయ్యాక మొదటి అధ్యాయానికి వస్తే దాని పేరులోనే లెక్క అన్న అర్థం ఉందని తెలిసి నవ్వొస్తుంది.

9 నుంచి 11 దాకా నేల రకాలు, సైన్యం నడక. మొదటిసారి పైపైన చూసుకుంటూ పోండి, ఏం నష్టం లేదు.

అనువాదాలు రెండు పక్కపక్కన పెట్టుకోండి. లయనల్ జైల్స్ 1910లో చేసిన ఇంగ్లీషుది నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది, గ్రిఫిత్‌ది 1963 నాటిది, ఆయన స్వయానా అమెరికా మెరైన్ జనరల్. నిన్నూ ఎదుటివాణ్ణీ తెలుసుకుంటే వంద యుద్ధాలు గెలుస్తావని అందరూ షేర్ చేస్తుంటారు కదా, మూలంలో గెలుపు మాటే లేదు, ప్రమాదంలో పడవు అని మాత్రమే ఉంది. ఈ రెండింటికీ చాలా తేడా.

రచయిత ఎవరన్న గొడవలోకి ఎక్కువ పోవద్దు. పాత చైనాలోని ఊ రాజ్యంలో రాజు హెలూ దగ్గర పనిచేసిన సన్ వూ (సన్ జూ అంటే ఈయనే) రాశాడని సంప్రదాయం, ఆ తర్వాతెప్పుడో రూపం కట్టిందని చాలామంది పండితులంటారు. 1972లో చైనాలోని షాన్‌డాంగ్‌లో హాన్ రాజవంశ కాలం సమాధుల్లో వెదురు బద్దల మీద రాసిన ప్రతి ఒకటి బయటపడింది, ఆ సంగతి మాత్రం విడిగా చదవండి, భలే ఉంటుంది.

ఇంకొకటి, ఇంట్లోవాళ్ళ మీద దీన్ని ప్రయోగించకండి, ఇది ఎదుటివాడు శత్రువే అనుకుని రాసింది.

12వ అధ్యాయం చివర మాత్రం నాకు నేరుగా పనికొచ్చింది. కోపంతో సైన్యాన్ని కదపొద్దు, కోపం పోయి మళ్ళీ సంతోషం రావచ్చు గానీ పోయిన రాజ్యం తిరిగి రాదంటాడు. అది చదివిన వారంలోనే ఆఫీసులో ఒకరి మీద మండిపోయి రాత్రి పదకొండింటికి పొడుగాటి మెయిల్ రాసి, పంపకుండా డ్రాఫ్ట్స్‌లో వదిలేశా. మొన్న తెరిచి చూస్తే రెండో లైన్లోనే ఆయన పేరు స్పెల్లింగ్ తప్పు.