తుప్పు తిన్న పైపు ఎంత పీడనం తట్టుకుంటుంది? 4వ పాఠం: గుంట పొడవు

గత పాఠంలో పైపు గోడను తుప్పు తినేసిన గుంట లోతు కొలవడం చూశాం. లోతు గోడ మందంలో సగానికి చేరిందంటే పైపు పని అయిపోయిందని కాదు. సగమే కదా అని వదిలేయడానికీ లేదు. ఒకే లోతున్న రెండు గుంటల్లో ఒకటి నిశ్చింతగా నిలుస్తుంది, రెండోది వెంటనే పీడనం తగ్గించాల్సిన స్థితిలో ఉంటుంది. తేడా పొడవులో ఉంది.

లోపలి పీడనం గోడను చుట్టుకొలత దిశలో సాగదీస్తుంది. పలచబడిన చోట గోడ బయటికి ఉబ్బబోతుంది. గుంట పొట్టిదైతే రెండు కొసల్లోని మందపు లోహం ఆ ఉబ్బును ఆపుతుంది. పొడవు పెరిగేకొద్దీ నడిమి భాగానికి ఆ ఆసరా అందదు. అందుకే లెక్కలోకి పైపు వెంట ఉన్న పొడవే వస్తుంది, చుట్టూ ఉన్న వెడల్పు రాదు. (పైపు వంగే చోట, నేల జారే చోట వెడల్పునూ చూడాలి. అది వేరే పాఠం.)

వాడేది సవరించిన ఏఎస్‌ఎంఈ బీ31జీ పద్ధతి (తుప్పు తిన్న పైపు బలాన్ని లెక్కించే అమెరికన్ ప్రమాణం). ఉదాహరణకు 18 అంగుళాల గ్యాస్ లైను: బయటి వ్యాసం 457 మి.మీ., మందం 6.4 మి.మీ., ఎక్స్52 ఉక్కు (కనీస ఈల్డ్ బలం, అంటే లోహం శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడి, 360 మెగాపాస్కల్), నడిపే పీడనం 7.0 మెగాపాస్కల్. గుంట లోతు 3.2, పొడవు 120 మి.మీ.

జడ్ = పొడవు² ÷ (వ్యాసం × మందం) = 14,400 ÷ 2,924.8 = 4.92

ఉబ్బు గుణకం ఎం = √(1 + 0.6275 జడ్ − 0.003375 జడ్²) = 2.00. జడ్ 50 దాటితే ఈ సూత్రం బదులు 0.032 జడ్ + 3.3 వాడాలి.

మిగిలిన బలం = (1 − 0.85 × 0.5) ÷ (1 − 0.85 × 0.5 ÷ 2.00) = 0.73. ఇక్కడ 0.5 అంటే లోతు ÷ మందం, 0.85 ఈ పద్ధతిలోని స్థిరాంకం.

గుంట లేకపోతే పగిలే పీడనం = 2 × (360 + 69) × 6.4 ÷ 457 = 12.02 (ఈల్డ్ బలానికి 69 కలపడం ఈ పద్ధతిలో భాగం). దాన్ని 0.73తో గుణిస్తే 8.77 మెగాపాస్కల్. భద్రతా గుణకం 1.39తో భాగిస్తే 6.31. అంటే 7.0 దగ్గర నడపకూడదు. గుణకం 1.25 తీసుకుంటే 7.02 వచ్చి బొటాబొటీగా గట్టెక్కుతుంది. జనం నివసించే చోట ఆ బొటాబొటీని నమ్ముకోవడం మాకు సమ్మతం కాదు.

లోతు మార్చకుండా పొడవు 30 మి.మీ. చేస్తే సురక్షిత పీడనం 8.14, 300 చేస్తే 5.54.

ఇప్పుడు అసలు తప్పు జరిగే చోటు. ఆ 120 మి.మీ. నిజానికి 50, 55 మి.మీ. గుంటలు రెండు, వాటి మధ్య 15 మి.మీ. మంచి లోహం అనుకోండి. విడివిడిగా లెక్కిస్తే పెద్దదానికి 7.43 వచ్చి పాసవుతుంది. కానీ ఎడం మందానికి మూడు రెట్ల లోపుంటే (ఇక్కడ 19.2 మి.మీ.) రెండూ కలిసి ఒకే గుంట. జవాబు మళ్లీ 6.31. పైపును తవ్వి తీసిన గోతిలో దిగినప్పుడు పాత పూత, తుప్పు పొట్టు మెరిసే లోహం తేలేదాకా తీసేయండి. పైపు వెంట సుద్దతో సరళ రేఖ గీసి, అంచు నుంచి అంచుకు ఆ రేఖ మీదే కొలవండి. గుంట ఏటవాలుగా ఉన్నా సరే.

లోపలి తుప్పులో ఈ పొరపాటు ఇంకా ప్రమాదం. గ్యాసుతో వచ్చిన నీరు పైపు అడుగున నిలుస్తుంది, కాబట్టి తుప్పు కూడా అడుగు వెంటే పొడవుగా పాకుతుంది. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాస్ పైప్‌లైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. లోపలి తుప్పే కారణమని తేలింది.

పిగ్ (పైపు లోపల ప్రయాణిస్తూ తుప్పును కొలిచే పరికరం) ఇచ్చిన లోతును యథాతథంగా వేయకండి. అయస్కాంత పిగ్‌లకు మందంలో 10 శాతం అటూఇటూ తేడా మామూలే. మన గుంటను 60 శాతం లోతుగా వేస్తే 6.31 కాస్తా 5.68 అవుతుంది. తవ్వే ముందు పీడనాన్ని ఇటీవలి గరిష్ఠంలో 80 శాతానికి దించండి.

లోతు 80 శాతం దాటితే లెక్కే వద్దు, మరమ్మతు చేయాల్సిందే. పగుళ్లకు, సొట్టలో పడ్డ తుప్పుకు, వెల్డు అతుకును తినే తుప్పుకు ఈ సూత్రం పనికిరాదు.

అభ్యాసం: అదే పైపు, లోతు 2.6 మి.మీ. పైపు వెంట 40, 60 మి.మీ. గుంటలు రెండు, ఎడం 25 మి.మీ. కలపాలా? గుణకం 1.39తో సురక్షిత పీడనం ఎంత? జవాబు, పైపు చుట్టూ తొడిగే మరమ్మతు స్లీవ్‌ల ఎంపిక 5వ పాఠంలో.