పోలింగ్‌కు ముందు రెండు రోజులు: ఫోన్‌తో జాగ్రత్త

ఎన్నికలప్పుడు తప్పుడు వార్తలు మొదటి నుంచీ తిరుగుతూనే ఉంటాయి. వాటిలో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేవి చివరి రెండు రోజుల్లో వచ్చేవి. అప్పుడు పుట్టిన అబద్ధానికి జవాబు వచ్చేలోపే ఓట్లు పడిపోతాయి.

2023 సెప్టెంబర్ 30న స్లొవేకియాలో పార్లమెంటు ఎన్నికలు జరిగాయి. అక్కడ పోలింగ్‌కు ముందు 48 గంటల పాటు ప్రచారం ఆపేయాలి. సరిగ్గా ఆ సమయానికే ఒక ఆడియో బయటికొచ్చింది. ప్రోగ్రెసివ్ స్లొవేకియా పార్టీ నాయకుడు మిహాల్ షిమెచ్కా ఒక విలేఖరితో కలిసి ఎన్నికల్లో రిగ్గింగ్ గురించి మాట్లాడుతున్నట్టు అందులో వినిపిస్తుంది. అది నకిలీదని ఇద్దరూ వెంటనే చెప్పారు. ఏఐతో మార్చిన ఆనవాళ్లు ఉన్నాయని ఫ్యాక్ట్ చెకర్లు కూడా అన్నారు. కానీ నోరు విప్పడానికే ఆంక్షలున్న ఆ 48 గంటల్లో ఈ మాటను ఎంతమందికి చేర్చగలరు? అందుకే అసలు జాగ్రత్తలు ఆ రెండు రోజులు రాకముందే తీసుకోవాలి.

ముందే చూసి పెట్టుకోండి

పోలింగ్ తేదీ, వేళలు, మీ పోలింగ్ కేంద్రం, వెంట ఉండాల్సిన గుర్తింపు కార్డు. ఈ నాలుగూ ఎన్నికల సంఘం సొంత వెబ్‌సైట్‌లో చూసి ఒక కాగితం మీద రాసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లకీ, మొదటిసారి ఓటేసే పిల్లలకీ అదే కాగితం చూపించండి. "తేదీ మారింది", "ఈ కార్డు చెల్లదు" అని ఎవరైనా పంపితే దానితో సరిచూసుకోవచ్చు. ఇంకా అనుమానం ఉంటే మళ్లీ ఆ వెబ్‌సైట్‌కే వెళ్లాలి గానీ, మెసేజ్‌లో ఉన్న లింక్ నొక్కకూడదు.

2024 జనవరిలో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో ప్రైమరీ ఎన్నికకు (పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఓటింగ్‌కు) రెండు రోజుల ముందు వేలమందికి ఫోన్లు వచ్చాయి. అవతల అధ్యక్షుడు బైడెన్ గొంతు! ఇప్పుడు ఓటేయకండి, నవంబర్‌కు దాచుకోండి అని చెప్పింది. ప్రైమరీలో ఓటేసినవాళ్లు నవంబర్‌లోనూ వెయ్యొచ్చు, కాబట్టి దాచుకోవడమన్న మాటే అర్థం లేనిది. ఆ గొంతు ఏఐతో తయారు చేసింది. చేయించిన రాజకీయ సలహాదారుకు ఆ దేశ కమ్యూనికేషన్ల కమిషన్ తర్వాత 60 లక్షల డాలర్ల జరిమానా వేసింది. ఫలానావాళ్లకు ఓటెయ్యమనే అబద్ధం కన్నా, మనిషిని ఇంట్లో కూర్చోబెట్టే అబద్ధమే ఎక్కువ హాని చేస్తుందని నా అభిప్రాయం. వచ్చిన జరిమానా పోయిన ఓటును తిరిగి తేలేదు.

ఓట్లు ఎలా లెక్కిస్తారో కూడా ముందే చదవండి. దీన్ని చాలామంది పట్టించుకోరు, నేను మాత్రం దీన్నే అన్నిటికన్నా పైన పెడతాను. 2020 అమెరికా ఎన్నికల్లో పోస్టల్ ఓట్లు భారీగా వచ్చాయి. పెన్సిల్వేనియా, విస్కాన్సిన్ లాంటి రాష్ట్రాల్లో పోలింగ్ రోజుకు ముందు వాటి కవర్లు విప్పడానికి చట్టం ఒప్పుకోదు. అవి ఆలస్యంగా లెక్కకొచ్చేసరికి ట్రంప్‌కు మొదట కనిపించిన ఆధిక్యం కరిగిపోయింది. పద్ధతి తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. తెలియనివాళ్లకు "రాత్రికి రాత్రి ఓట్లు మార్చేశారు" అన్న మాట నిజమనిపించింది. 60కి పైగా కేసులు వేసినా కోర్టుల్లో ఫలితం మారలేదు. అయినా 2021 జనవరి 6న ఆ మాట నమ్మిన గుంపు పార్లమెంటు భవనం మీద పడింది.

మెసేజ్ వచ్చాక

చదవగానే ఒళ్లు మండితే ముందు ఫోన్ పక్కన పెట్టండి. అబద్ధం మనల్ని కదిలించేలా తయారవుతుంది. ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాలను ఎంఐటీ పరిశోధకులు పరిశీలించి 2018లో ఫలితాలు ప్రచురించారు. నిజం కన్నా అబద్ధాన్ని రీట్వీట్ చేసే అవకాశం 70 శాతం ఎక్కువని తేలింది. దానికి కారణం బాట్లు (తమంతట తామే పోస్టులు పెట్టే ప్రోగ్రాములు) కాదు, మనుషులే.

ఫొటో అయితే గూగుల్ లెన్స్‌లో (ఫొటోతోనే నెట్‌లో వెతికే టూల్‌లో) పెట్టి చూడండి, పాత ఫొటోకు కొత్త కథ కట్టినవే ఎక్కువగా దొరుకుతాయి. వీడియో అయితే రెండు మూడు చోట్ల ఆపి, స్క్రీన్‌షాట్ తీసి అలాగే వెతకండి. బొమ్మలో వేళ్లు ఎక్కువో తక్కువో ఉన్నాయేమో లెక్కపెట్టి ఏఐదని పట్టుకోవచ్చన్న సలహా ఇప్పుడు పనికిరాదు, ఆ లోపాలు చాలావరకు పోయాయి. ఆడియోతోనే అసలు కష్టం. గొంతు విని తేల్చుకోవాలని చూడకండి. మొదట ఎవరు బయటపెట్టారు, పూర్తి రికార్డింగ్ ఉందా, ఆ వ్యక్తి ఏమన్నాడు, పేరున్న వార్తాసంస్థలు విడివిడిగా నిర్ధారించాయా అని చూడండి. జవాబు దొరకకపోతే ఆ మెసేజ్ మీ దగ్గరే ఆగిపోవాలి.

"ఇది నిజమేనా?" అని అడుగుతూ ఫార్వర్డ్ చేయడం కూడా ఫార్వర్డ్ చేయడమే. అవతలివాళ్లు ప్రశ్నను వదిలేసి వీడియోను ముందుకు పంపుతారు. పదేపదే విన్న మాట నిజమనిపించడం మనిషి మెదడు స్వభావమని 1977 నుంచీ పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి ఖండించేటప్పుడు కూడా ముందు నిజం రాయండి, అబద్ధాన్ని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేయండి.

ఫ్యామిలీ గ్రూపులో పెద్దవాళ్లు పెట్టినదాన్ని అందరి ముందూ తప్పని అనకండి. పరువు పోయిందనిపిస్తే మనిషి ఆ అబద్ధాన్నే ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. విడిగా ఫోన్ చేసి, "బాబాయ్, మీరు పెట్టిన వీడియో పాతదండీ, ఒరిజినల్ నాకు దొరికింది, పంపనా?" అంటే వింటారు.

అన్నీ అబద్ధాలే అనుకునే స్థితికి మాత్రం వెళ్లకండి. నిజంగా దొరికిపోయిన నాయకుడు "అది ఏఐ వీడియో" అని తప్పించుకునేది అలాంటి వాతావరణంలోనే. నకిలీ అన్నవాళ్లను కూడా ఆధారం అడగాలి.

ఇప్పటికే ఒక తప్పుడు మెసేజ్ పంపేశారా? వాట్సాప్‌లో దాదాపు రెండున్నర రోజుల వరకు అందరి ఫోన్లలోంచీ డిలీట్ చేయొచ్చు. డిలీట్ చేసి ఊరుకోకండి, చూసినవాళ్లు చూసే ఉంటారు. అదే గ్రూపులో "నేను పొద్దున పెట్టింది తప్పు, అసలు విషయం ఇదీ" అని రాసి, ఎవరికైనా పంపి ఉంటే వాళ్లకూ చెప్పమని అడగండి.