రైలెక్కే ముందే, బోటెక్కే ముందే: ఫోన్‌లో సినిమా దింపుకునే పద్ధతి

ఓటీటీ యాప్‌లో డౌన్‌లోడ్ నొక్కితే వచ్చే సినిమా పట్టా భూమి కాదు, కౌలు భూమి. మన చేతిలో ఉంటుంది, మనమే అనుభవిస్తాం, కానీ గడువుంటుంది, షరతులుంటాయి, ఇంకొకరికి రాసివ్వడం కుదరదు. ఈ తేడా తెలియకే చాలామంది పలాసలో రైలెక్కాకో, గుజరాత్‌లోని వీరావల్ రేవులో బోటెక్కాకో యాప్ తెరిచి, సినిమా ఆడక తల పట్టుకుంటారు.

లోపల జరిగేది ఇదీ. సినిమా ఫైలు తాళం వేసిన పెట్టెలా ఫోన్‌లోకి దిగుతుంది. తాళంచెవి విడిగా వస్తుంది, దాన్ని ఆ ఫోన్‌కే, ఆ అకౌంటుకే ఇస్తారు, దానికి గడువు పెడతారు. అందుకే దింపిన సినిమా గ్యాలరీలో కనబడదు, బ్లూటూత్‌లో పోదు. పెట్టె పదిలంగా ఉన్నా తాళంచెవి గడువు తీరితే సినిమా ఆడదు. ఇక కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఆ తాళంచెవి కోసమే.

ఎక్కడ దింపుకోవచ్చు

నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వీడియో, జియోహాట్‌స్టార్, ఆహా, జీ5, సన్ నెక్స్ట్: వీటన్నిటి మొబైల్ యాప్‌లలోనూ డౌన్‌లోడ్ సదుపాయం ఉంది. అయితే ప్రతి సినిమాకూ ఉండదు, ప్రతి ప్లాన్‌కూ ఒకేలా ఉండదు. సినిమా పేజీలో కిందికి చూపే బాణం గుర్తు ఉంటేనే అది దిగుతుంది. ఊరు కదిలే ముందు రోజు ఆ గుర్తు ఉందో లేదో చూసుకుంటే, కావలసిన సినిమా దొరకకపోయినా ఇంకొకటి ఎంచుకునే వ్యవధి ఉంటుంది.

ఒక్కరే ఒక్క ఫోన్‌లో చూసుకునేట్టయితే నెట్‌ఫ్లిక్స్ మొబైల్ ప్లాన్ సరిపోతుంది. 2021 డిసెంబరులో దాని ధరను నెలకు 149 రూపాయలకు తగ్గించారు. దాంట్లో డౌన్‌లోడ్లు ఒక్క పరికరంలోనే ఉంచుకోవాలి, నాణ్యత 480పీ దాటదు. 499 రూపాయల స్టాండర్డ్ ప్లాన్‌లో రెండు పరికరాలు కుదురుతాయి. అన్నదమ్ములిద్దరూ చెరో ఊరు వెళ్లే ఇంట్లో ఈ తేడా ముందే చూసుకోవాలి.

డబ్బు కట్టకుండా చూసేవారికి యూట్యూబ్ ఉంది. హక్కులున్న సంస్థలు తమ ఛానెళ్లలో పూర్తి తెలుగు సినిమాలు పెడతాయి. మన దేశంలో చాలా వీడియోలకు ప్రీమియం లేకుండానే డౌన్‌లోడ్ బటన్ ఉంటుంది. తక్కువ నాణ్యతలో దిగుతాయి, నెట్ లేకుండా 48 గంటలు ఆడతాయి, ఆ తర్వాత ఫోన్ ఒకసారి నెట్‌కు తగలాలి. ప్రీమియం ఉంటే 30 రోజులకోసారి తగిలితే చాలు.

మొబైల్ షాపుల్లో డబ్బులు తీసుకుని చిప్‌లో కొత్త సినిమాలు ఎక్కించడం, టెలిగ్రామ్ లింకుల్లోంచి దింపడం వేరే దారి, అది దొంగదారి. కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి రెండు లక్షల వరకు జరిమానా ఉన్నాయి. థియేటర్లో రికార్డు చేసేవారిపై 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని ఇంకా బిగించారు: మూడు నెలల నుంచి మూడేళ్ల జైలు, జరిమానా మూడు లక్షల నుంచి మొదలై సినిమా నిర్మాణ ఖర్చులో 5 శాతం దాకా పోవచ్చు. ఓటీటీ డౌన్‌లోడ్ తాళం విప్పుతామనే యాప్‌ల జోలికీ వెళ్లొద్దు. హక్కులకు గండికొట్టాలని తాళం విప్పడం సెక్షన్ 65ఎ కింద నేరం.

డేటా లెక్క

సినిమా ఎన్ని జీబీలు తింటుందో వేళ్ల మీద లెక్కేసుకోవచ్చు. వీడియో 1 ఎంబీపీఎస్ (సెకనుకు ఒక మెగాబిట్, ఎనిమిది మెగాబిట్లయితే ఒక ఎంబీ) వేగంతో ఉంటే గంటకు 450 ఎంబీ. మన సినిమా రెండున్నర గంటలు, కాబట్టి సుమారు 1.1 జీబీ. మంచి హెచ్‌డీ 3 ఎంబీపీఎస్ అనుకుంటే అదే సినిమా 3.4 జీబీ. ఆరంగుళాల తెర మీద రైలు కుదుపుల్లో చూసే సినిమాకు మొదటిది చాలు. హెచ్‌డీకి పెట్టే చోటుతో మూడు సినిమాలు పడతాయి.

రోజుకు 1.5 జీబీ వచ్చే ప్యాక్‌లో మామూలు నాణ్యత సినిమా ఒకటి పడుతుంది, అదీ ఆ రోజు రీల్స్ చూడకుండా ఉంటే. కోటా అయిపోతే చాలా ప్యాక్‌లలో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. ఆ వేగంతో 1.1 జీబీ దిగడానికి 39 గంటలు పడుతుంది. తెర మీద శాతం అంకె కదలక, యాప్ పాడైందని చాలామంది క్యాన్సిల్ కొట్టేస్తారు. అలా చేస్తే దిగినదంతా పోయి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. క్యాన్సిల్ కాదు, పాజ్ నొక్కండి. రాత్రి 12 దాటాక కొత్త కోటా వస్తుంది, అప్పుడు రెస్యూమ్ చేస్తే ఆగిన చోటినుంచే సాగుతుంది. పదకొండు గంటలకు మొదలుపెడితే పాత రోజు మిగులూ కొత్త రోజు కోటా రెండూ ఒకే సినిమాకు కలిసొస్తాయి.

ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంటే ఈ తిప్పలేమీ లేవు. 10 ఎంబీపీఎస్ నికరంగా వచ్చినా 1.1 జీబీ పావుగంటలో దిగుతుంది.

స్టేషన్ వైఫై మీద మాత్రం మరీ ఆశ పెట్టుకోవద్దు. రైల్వే వారి టెలికాం సంస్థ రైల్‌టెల్ 2021 మార్చిలో ప్రకటించిన పద్ధతిలో ఉచితం రోజుకు అరగంట, 1 ఎంబీపీఎస్ వేగంతో. అంటే 225 ఎంబీ, సినిమాలో అయిదో వంతు. అదే పద్ధతిలో రోజుకు 10 రూపాయలు కడితే 34 ఎంబీపీఎస్ దాకా వేగంతో 5 జీబీ. శ్రీకాకుళం రోడ్ (ఆమదాలవలస)లోనో విజయనగరం జంక్షన్‌లోనో బండి రెండు గంటలు లేటయినప్పుడు ఆ పది రూపాయల ప్యాక్ పనికొస్తుంది. రద్దీలో ఆ వేగం పూర్తిగా రాదు, కాబట్టి ఒక్క సినిమాతో సరిపెట్టుకోండి.

దింపే ముందు చూడాల్సినవి

మొదటిది భాష. చాలా సినిమాలు నాలుగైదు భాషల్లో ఉంటాయి, డౌన్‌లోడ్‌లో మాత్రం అన్ని భాషల ఆడియో రాకపోవచ్చు. నెట్ లేని చోట తెరిస్తే హిందీలో మాట్లాడుతుంది, మార్చుకోవడానికి తెలుగు కనబడదు. అందుకని ముందు సినిమా ఒక నిమిషం ఆడించి, ఆడియోలో తెలుగు ఎంచుకుని, ఆ తర్వాతే బాణం నొక్కండి. కొన్నిచోట్ల ఒకే సినిమా భాషకొక పేజీగా ఉంటుంది, అప్పుడు పేరు పక్కన తెలుగు అని ఉన్న పేజీలోంచే దింపాలి. సబ్‌టైటిల్స్ కావాలంటే అవీ అప్పుడే ఎంచుకోవాలి.

రెండోది నాణ్యత. నెట్‌ఫ్లిక్స్‌లో యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్తే డౌన్‌లోడ్ వీడియో క్వాలిటీ దగ్గర స్టాండర్డ్, హై అని రెండుంటాయి. అక్కడే ప్లేబ్యాక్ స్పెసిఫికేషన్ అనేదీ నొక్కి చూడండి. వైడ్‌వైన్ అంటే ఫోన్‌లో ఆ తాళం సంగతి చూసే ఏర్పాటు. అది ఎల్3 అని ఉంటే ఆ ఫోన్‌లో హెచ్‌డీ రాదు, ఎంత ఖరీదైన ప్లాన్ కట్టినా 480పీ దగ్గరే ఆగుతుంది. ఎల్1 ఉంటేనే హెచ్‌డీ మాట. కొన్ని చవక ఫోన్లలో ఈ తేడా వల్లే బొమ్మ మసకగా కనిపిస్తుంది, యాప్ తప్పేమీ ఉండదు.

అదే సెట్టింగ్స్‌లో వైఫై ఓన్లీ అని ఒకటుంటుంది. అది ఆన్‌లో ఉండగా మొబైల్ డేటాతో నొక్కితే డౌన్‌లోడ్ క్యూలో నిలబడి ఉంటుంది, కదలదు. స్మార్ట్ డౌన్‌లోడ్స్ మాత్రం ఆపేయడమే మేలు. సీరియల్‌లో తర్వాతి ఎపిసోడ్లను తనంతట తానే దింపి, మీరు సినిమా కోసం ఉంచిన చోటు నింపేస్తుంది.

డౌన్‌లోడ్ సాగుతున్నంతసేపూ ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి, యాప్ తెరిచే ఉంచండి. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే తెర ఆరగానే చాలా ఫోన్లు డౌన్‌లోడ్‌ను ఆపేస్తాయి. తెల్లారి చూస్తే 23 శాతం దగ్గరే ఉంటుంది.

రెండు గడియారాలు

ఒక గడియారం దింపిన క్షణం నుంచి తిరుగుతుంది. రెండోది మొదటిసారి ప్లే నొక్కినప్పుడు మొదలవుతుంది. రెండింటిలో ఏది ముందు ముగిస్తే సినిమా అప్పుడు ఆగిపోతుంది. ప్రైమ్ వీడియోలో అద్దెకు తీసుకున్న సినిమా మొదలుపెట్టడానికి సాధారణంగా 30 రోజులు ఇస్తారు, మొదలుపెట్టాక 48 గంటల్లో పూర్తిచేయాలి. నెట్‌ఫ్లిక్స్‌లో సినిమా సినిమాకూ గడువు మారుతుంది. కొన్నిటికి ప్లే నొక్కిన 48 గంటలకే తీరుతుంది. ఏడు రోజులకన్నా తక్కువ మిగిలితే డౌన్‌లోడ్స్ పేజీలో సినిమా పేరు దగ్గరే ఎంత మిగిలిందో చూపిస్తుంది.

ఈ లెక్క అందరికన్నా ఎక్కువగా కావలసింది మన తీరం నుంచి వీరావల్ వెళ్లి బోట్లెక్కే మత్స్యకారులకు. వారాల తరబడి సముద్రంలో ఉంటారు, టవర్ అందదు. దింపిన వారానికే గడువు తీరే సినిమాలు ఎన్ని నింపుకున్నా రెండో వారం నుంచి ఒక్కటీ ఆడదు. వాళ్లకు యూట్యూబ్ ప్రీమియం లాంటి 30 రోజుల గడువున్నవే నప్పుతాయి. దింపడం కూడా ఊళ్లో కాదు, రేవులో బోటు కదిలే ముందు రాత్రి చేయాలి. ఊళ్లో దింపితే రైలు ప్రయాణంలోనే రెండు మూడు రోజులు గడువులోంచి పోతాయి. సముద్రంలో ఒక సినిమా మొదలుపెట్టాక దాన్ని ముగించాకే రెండోది తెరవాలి. ఎలా ఉంటాయో చూద్దామని నాలుగు సినిమాలూ రెండేసి నిమిషాలు ఆడిస్తే, ప్లే గడియారం ఉన్నవాటన్నిటికీ 48 గంటలు ఒకేసారి మొదలవుతాయి. బోటు రేవుకు చేరగానే నెట్‌తో యాప్ తెరిచి, గడువు తీరినవాటి పక్కనున్న గుర్తు నొక్కితే చాలా వాటికి కొత్త తాళంచెవి వస్తుంది, సినిమా మొత్తం మళ్లీ దింపాల్సిన పని సాధారణంగా ఉండదు.

ఇంటి దగ్గర చేయాల్సిన పరీక్ష

బయలుదేరే ముందు ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. వైఫై కూడా ఆరిందో లేదో చూడండి, కొన్ని ఫోన్లలో అది విడిగా వెలుగుతూనే ఉంటుంది. యాప్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. అసలు తెరుచుకుంటుందా, లాగిన్ అడుగుతోందా? డౌన్‌లోడ్స్ పేజీలోకి వెళ్లండి. 48 గంటల షరతు లేని సినిమా ఒకటి తెరిచి, మధ్యకు జరిపి, ఆఖరి పది నిమిషాలకు జరిపి చూడండి. తెలుగు వినిపిస్తోందా, బొమ్మ ఆగకుండా నడుస్తోందా? షరతున్న సినిమాను మాత్రం ఆడించొద్దు, వంద శాతం గుర్తూ మిగిలిన గడువూ చూసి వదిలేయండి. ఇదంతా రెండు నిమిషాల పని. కొత్తవలస నుంచి ఎస్.కోట మీదుగా అరకు వెళ్లే బండి సొరంగాల్లోకి దూరాక లాగిన్ అడిగితే ఓటీపీ రావడానికి దారుండదు.

మామూలుగా వచ్చే చిక్కులు

నిన్నటిదాకా ఆడిన సినిమాలన్నీ ఒక్కసారిగా మాయమైతే, ఫోన్‌లో చోటు కోసం ఎవరో క్లియర్ డేటా నొక్కి ఉంటారు. క్లియర్ క్యాష్ నొక్కితే భయం లేదు. క్లియర్ డేటా నొక్కితే డౌన్‌లోడ్లూ లాగినూ రెండూ పోతాయి. సైనవుట్ అయినా అంతే. ప్లాన్ రీఛార్జి గడువు ప్రయాణం మధ్యలో పడకుండా చూసుకోండి.

మెమరీ కార్డులోకి దింపితే ఫోన్‌లో చోటు మిగులుతుంది. కానీ ఆ కార్డు తీసి తమ్ముడి ఫోన్‌లో వేస్తే ఆడదు, తాళంచెవి పాత ఫోన్‌లోనే ఉంటుంది.

గడువు ఇంకా ఉన్నా తీరిపోయిందని చూపిస్తే ఫోన్ తేదీ, సమయం చూడండి. చేత్తో మార్చి ఉంటే ఆటోమేటిక్‌కు మార్చి, ఒకసారి నెట్‌కు తగిలించండి. వీపీఎన్ ఆన్‌లో ఉంటే ఆపేయండి.

ఫోన్ మార్చేవారు పాత ఫోన్‌లోని డౌన్‌లోడ్లన్నీ తీసేసి, సైనవుట్ అయ్యాకే రీసెట్ చేయాలి. లేకపోతే అకౌంటు లెక్కలో పాత ఫోన్ ఇంకా ఒక చోటు ఆక్రమించుకుని ఉంటుంది, కొత్త ఫోన్‌లో పరిమితి దాటిందని వస్తుంది. అప్పటికే అమ్మేసి ఉంటే, బ్రౌజర్‌లో అకౌంటు పేజీ తెరిచి పరికరాల జాబితాలోంచి దాన్ని తొలగించాలి.

తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు పిల్లల కోసం ఒకటి రెండు సినిమాలు దింపి ఉంచడం మంచిదే. కానీ 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఇంట్లో ఒక ఫోన్‌ను కాల్స్‌కే పక్కన పెట్టి, సినిమాకు ఇంకో ఫోన్ వాడాలి.

పట్టా సినిమాలు

తాళం లేని సినిమాలూ ఉన్నాయి. మన చట్టంలో సినిమా హక్కు విడుదలైన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు. 1960లో విడుదలైన సినిమా హక్కు 2020 డిసెంబరు 31తో ముగిసింది. అలాంటివి ఇంటర్నెట్ ఆర్కైవ్ సైటులో కొన్ని దొరుకుతాయి. సినిమా పేజీలో డౌన్‌లోడ్ ఆప్షన్స్ కింద ఎంపెగ్4 లేదా హెచ్.264 అని ఉన్నది నొక్కితే మామూలు ఫైలుగా దిగుతుంది. వీఎల్‌సీ లాంటి వీడియో ప్లేయర్ యాప్‌లో ఆడుతుంది, గడువు లేదు, ఏ ఫోన్‌లోనైనా పెట్టుకోవచ్చు. అయితే ఆ సైటులో ఉన్నంత మాత్రాన ప్రతిదీ స్వేచ్ఛగా వాడుకునేది కాదు, ఎవరైనా ఏదైనా ఎక్కించగలరు. ముందు విడుదలైన ఏడాది చూసి 60 లెక్కపెట్టండి. పాటల, కథ హక్కులు వాటిని రాసినవారి జీవితకాలం తర్వాత ఇంకో 60 ఏళ్లు నడుస్తాయి, కాబట్టి దింపిన సినిమాను ఇంట్లో చూసుకోండి, మీ ఛానెల్‌లో మళ్లీ ఎక్కించొద్దు.